పేరు కుట్టిన బొంత

బొంత కుట్టడం మాకు కొత్త కాదు. ఆసుపత్రికి బొంత కుట్టడమే కొత్త.

నల్గొండ చుట్టుపక్కల ఏ ఇంట్లో చూసినా పాత చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి కుట్టిన బొంత ఒక్కటైనా ఉంటుంది. పుట్టిన పిల్లను మొదట చుట్టేది కూడా పాత బట్టలోనే. కొత్త బట్ట ఒళ్ళు కోస్తుందని, పాతదైతే మెత్తగా ఉంటుందని మా పెద్దవాళ్ళ లెక్క. అందుకే పెద్ద జబ్బులతో ఆసుపత్రుల చుట్టూ తిరిగే పిల్లలకు బొంతలు కుట్టి ఇద్దామని మా కాలనీ ఆడవాళ్ళం అనుకోగానే ఎవరికి వాళ్ళం బీరువాలు తెరిచాం. నేత చీరలు, నారాయణపేట చీరలు, మా అత్తమ్మ దాచుకున్న రెండు గద్వాల చీరలు కూడా మూటలోకి వచ్చాయి. హైదరాబాద్‌లో పిల్లల క్యాన్సర్ వార్డులో పనిచేసే సిస్టర్‌కు ఫోన్ చేసి చెబితే ఒక్క మాటతో ఆ మూట కట్టించింది.

"పాత బట్ట ఒక్క ముక్క కూడా వద్దమ్మా."

ఈ ఆలోచన ఎక్కడిదంటే, మా బంధువుల పిల్లవాడికి రక్త క్యాన్సర్ అని తేలినప్పుడు వాళ్ళమ్మకు తోడుగా నేను కొన్నాళ్ళు వార్డులో ఉన్నాను. పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది రక్త క్యాన్సరే. చికిత్స రెండు మూడేళ్ళు సాగుతుంది. మొదట్లో వారాలకు వారాలు మంచం మీదే. ఆ మంచం చుట్టూ చూస్తే పిల్లవాడిదంటూ ఒక్క వస్తువు లేదు. దుప్పటి మీద ఆసుపత్రి ముద్ర, తలగడ మీద ఆసుపత్రి ముద్ర, వేసుకున్న గౌను ఆసుపత్రిది. ఆడుకునే ఫోను వాళ్ళ నాన్నది. పక్క మంచం పిల్ల ఇంటి నుంచి తెచ్చుకున్న తువ్వాలును ఎవరూ తీసుకుపోకుండా మంచం కడ్డీకి ముడేసి పెట్టుకుంది. అది చూశాకే బొంతల మాట నా బుర్రలో పడింది.

సిస్టర్ చెప్పిన కారణాలు విన్నాక పాత చీరల మీద మాకు ఆశ పోయింది. కీమో, అంటే క్యాన్సర్ మందు ఇచ్చిన తర్వాత పిల్లల ఒంట్లో తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. మనకు ఏమీ చేయని బూజు, దుమ్ము కూడా వాళ్ళను జ్వరంలో పడేస్తుంది. పైగా బీరువాలో బట్టల మధ్య మనం కలరా ఉండలు పెడతాం. ఆ వాసనకే పిల్లలకు వాంతులవుతాయి. జి6పిడి అనే ఎంజైమ్ లోపం ఉన్న పిల్లలకైతే అందులోని నాఫ్తలీన్ వల్ల ఎర్రకణాలు చితికిపోయే ప్రమాదం కూడా ఉందట. మా మర్రిగూడ అవ్వ మాత్రం ఊరుకోలేదు. స్పీకర్ ఆన్ చేయించి మరీ అడిగింది, "మా పిల్లలందరు పాత బట్టలల్లనే పెరిగిండ్రు గద బిడ్డా, ఏమైంది?" అని. సిస్టర్ కోప్పడలేదు. "మీ పిల్లలకు తెల్లకణాలున్నయి అవ్వా. వీళ్ళకు లేవు" అంది. అవ్వ ఇంక మాట్లాడలేదు.

సిస్టర్ చెప్పినవన్నీ నోట్‌బుక్‌లో రాసుకున్నాం. కొత్త నూలు బట్ట మాత్రమే. ఉన్ని వద్దు, లోపల దూది వద్దు. దూది ఉతికితే ఉండలు కడుతుంది, లోపల తడి ఆరదు. అద్దాలు, పూసలు, చమ్కీలు, బొత్తాలు వద్దు. చిన్నపిల్లలు పీకి నోట్లో పెట్టుకుంటారు. కుచ్చులు, వేలాడే దారాలు అసలే వద్దు, మందు ఎక్కించడానికి చేతికి పెట్టిన కాన్యులా గొట్టానికి చిక్కుకుంటే పిల్ల ప్రాణం లాగేసినట్టే. సెంటు సబ్బులు వద్దు, అగరుబత్తి పొగ వద్దు, పసుపు కూడా వద్దు. చివరి మాటకు మాలో గుసగుసలు మొదలయ్యాయి. మా దగ్గర బొంత మొదలుపెట్టేముందు ఒక మూలకు పసుపు రాస్తారు. "పసుపు మంచిదే కదా మేడమ్, క్రిములు చస్తయి" అని మా పక్కింటావిడ బేరం పెట్టింది. "కూరలో వేసుకో అమ్మా, బొంతకు రాయకు" అంది సిస్టర్. చివరికి ఆ పసుపు కుట్టుమిషను చక్రానికి రాశాం. దానికి మాత్రం ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

బట్ట కోసం ప్రకాశం బజార్‌లో తిరిగాం. పైకీ కిందికీ మల్‌మల్, మధ్య పొరకు పల్చటి నూలు ఫ్లానెల్. 36 అంగుళాల వెడల్పు, 48 అంగుళాల పొడవు బొంతకు, బట్ట పన్నా, అంటే వెడల్పు 44 అంగుళాలుంటే పైకీ కిందికీ కలిపి రెండున్నర మీటర్లు, మధ్య పొరకు మీటరుంపావు కనీసం కావాలి. కుంచించుకుపోయేదానికి ఇంకొంచెం ఎక్కువే తీసుకోవాలి. ఫ్లానెల్ మరీ కుంచించుకుపోతుంది కాబట్టి కత్తెర పెట్టకముందే అన్నిటినీ వేడినీళ్ళలో నానబెట్టి, ఉతికి, ఆరేయాలి. అలా పదే పదే ఉతికితే గంజి మొత్తం పోయి కొత్త బట్ట కూడా అవ్వ కోరుకున్నంత మెత్తగా అవుతుంది. అవ్వ చేతితో చూసి ఒప్పుకోదు. బట్ట కొసను మడిచి, కళ్ళు మూసుకుని, కనురెప్ప మీద మెల్లగా రాసుకుంటుంది. "ఇంకోపాలి ఉతుకుండ్రి" అందంటే ఇంకోసారి ఉతకాల్సిందే.

పైన బొమ్మలకు రంగు ముక్కలు కావాలి. కొయ్యలగూడెం, పుట్టపాక వైపు తెలిసిన నేతవాళ్ళు నూలు ఇక్కత్ కట్‌పీసులు ఇచ్చారు. అందులో ఎరుపు, నీలం ముక్కలు కొన్ని రంగు వదిలాయి. ఉప్పు నీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుందని ప్రతి ఒక్కరూ చెబుతారు. మేమూ నానబెట్టాం. ఉప్పుతో అయ్యే పని కాదది. ఇప్పుడు మేం చేసేది ఒకటే: తడిపిన తెల్లగుడ్డను ముక్క మీద పరిచి వేడి ఇస్త్రీ పెట్టె నొక్కుతాం. తెల్లగుడ్డకు రంగు అంటితే ఆ ముక్క ఎంత అందంగా ఉన్నా పక్కకే. పుట్టపాకలో తేలియా రుమాలు అనే ఇక్కత్ బట్ట నేసే ఒకాయన అది కూడా ఇస్తానన్నాడు. దాని నూలును ఆముదపు కాయల బూడిదలో, నూనెలో నానబెడతారు కాబట్టి ఆ వాసన బట్టను అంటిపెట్టుకునే ఉంటుంది. వాసన పడని పిల్లలకు అది ఎలా ఇస్తాం? దండం పెట్టి వద్దన్నాం.

రంగుల గురించి సిస్టర్ చెప్పనిది ఒక తల్లి చెప్పింది. పూర్తిగా తెల్లటి బొంత తేవద్దంది. ఎందుకో అడగాల్సిన అవసరం మాకు రాలేదు.

పిల్లలకు ఏం బొమ్మ కావాలో వాళ్ళనే అడగాలనేది మా సొంత తెలివి కాదు. అమెరికాలో ప్రాజెక్ట్ లైనస్ అని 1995లో మొదలైంది, జబ్బుపడిన పిల్లలకు చేత్తో చేసిన దుప్పట్లు ఇస్తారు. బ్రిటన్‌లో ఇంకో పద్ధతి ఉంది. పిల్లకు ఇష్టమైన బొమ్మలను తలా ఒక చదరం క్రాస్ స్టిచ్‌లో కుట్టి పోస్టులో పంపిస్తే, ఒకరు కూర్చుని అన్నీ కలిపి బొంత చేస్తారు. మా కాలనీలో ఒకామె కూతురు డాలస్‌లో ఉంటుంది, ఆ పిల్ల ఇవన్నీ చెప్పింది. చదరాల పద్ధతి మాకు బాగా నచ్చింది. ఎందుకంటే అందరూ రోజూ ఒకచోట కూర్చోవడం మా వల్ల కాదు. ఒకరిది కిరాణా కొట్టు, ఒకరిది అంగన్‌వాడీ డ్యూటీ, ఒకరికి మనవడి స్కూలు వ్యాను టైము.

అలా పన్నెండు అంగుళాల చదరాలు పన్నెండు, అడ్డం మూడు, నిలువు నాలుగు అని లెక్క పెట్టుకున్నాం. కుట్టుకు చుట్టూ అరంగుళం వదలాలి కాబట్టి పదమూడు అంగుళాల అట్ట ముక్క కోసి ఒక్కొక్కరికీ ఇచ్చాం. టేపుతో కొలుచుకోమంటే ఎవరి చదరం వాళ్ళదే. అట్ట ఇచ్చాకే దారికొచ్చింది. మిర్యాలగూడ నుంచి, మహబూబ్‌నగర్ నుంచి చదరాలు ఆర్టీసీ కార్గోలో వస్తాయి. మహబూబ్‌నగర్ వైపు చూసుకునేది మా ఆడపడుచు. 2007లో ఆరోగ్యశ్రీని మొట్టమొదట మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. అప్పటి నుంచి చుట్టుపక్కల ఎవరికి పెద్ద జబ్బొచ్చినా ఆమే కాగితాలు నింపిపెడుతుంది. ఏ ఊళ్ళో ఏ పిల్లను హైదరాబాద్‌కు తిప్పుతున్నారో వాళ్ళ మేనమామకన్నా ముందు మా వదినకు తెలుస్తుంది.

పిల్లలు ఏం అడుగుతారనుకున్నాం? చందమామ, కుందేలు, రంగుల చిలక. అవేవీ అడగలేదు. కోహ్లి చొక్కా నంబరు 18 అడిగారు. కోడి, కోడిపిల్లలు అడిగారు. ఆరేళ్ళ పిల్ల బతుకమ్మ కావాలంది. పక్క నుంచి చూస్తే ఎలా ఉంటుందో అలా కుట్టబోతే మా చిట్యాల అక్క ఆపింది. "పేర్చేటోళ్ళం మనం పైనుంచి చూస్తం గద" అంది. నిజమే. బొంత మధ్యలో పైనుంచి కనబడేట్టు వరసలు వరసలుగా, తంగేడుకు పసుపు, గునుగుకు గులాబీ ముక్కలతో వలయాలు కుట్టి, నడిమధ్యలో గుమ్మడి పువ్వు పెట్టాం. నాకు ఇప్పటికీ మా వాటిల్లో అదే అందమైనది.

కష్టపెట్టింది మాత్రం జేసీబీ. దేవరకొండ వైపు పిల్లవాడు, తొమ్మిదేళ్ళు. మేం ఏదో ఒక పసుపు బండి కుట్టి పంపుతామని అనుమానం వచ్చినట్టుంది. తనే మందుల చీటీ వెనక బాల్‌పెన్నుతో బొమ్మ గీసి ఫొటో పంపించాడు. ముందు పెద్ద తొట్టి, వెనక పొడుగు చెయ్యి, దాని చివర ఇంకో చిన్న తొట్టి, దానికి పళ్ళు. పళ్ళ దగ్గర బాణం గుర్తు వేసి "ఇవి ఉండాలె" అని రాశాడు. కింద నంబర్ ప్లేటు: టీఎస్ 05. నల్గొండ బండి అన్నమాట. తొట్టి పళ్ళు ఒక్కొక్కటి అంగుళం కూడా లేవు. అంత చిన్న ముక్క అంచులు లోపలికి మడిచి కుట్టాలంటే వేళ్ళు కాదు, కళ్ళు అరిగిపోతాయి. టైలరింగ్ నేర్చుకున్న పిల్ల ఒకతి సూది మొనతో అంచును లోపలికి తోస్తూ, గోటితో నొక్కి పట్టుకుని ఒక్కో పన్నూ కుట్టింది. నంబర్ ప్లేటు గొలుసు కుట్టుతో నేను కుట్టాను. ఎంబ్రాయిడరీ దారంలో ఆరు పోగులుంటాయి, మూడు తీసి మూడు వాడితే అక్షరాలు నీటుగా వస్తాయి.

చదరాలన్నీ మిషను మీద కలిపాక పొరలు పరిచి చేత్తో కుట్టడం. ఇక్కడే అవ్వకు, టైలరింగ్ పిల్లకు పేచీ పడింది. బొంత అంచు నుంచి మొదలుపెట్టి చుట్లు చుట్లుగా లోపలికి వెళ్ళాలని అవ్వ. మధ్యలోంచి బయటికి రావాలని పిల్ల, యూట్యూబ్‌లో చూసిందట. చివరికి మధ్యలోంచి బయటికి పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేసి పొరలు కదలకుండా చేసే పని పిల్లది, అసలు కుట్టు అంచు నుంచి వేసే పని అవ్వది అని రాజీ కుదిరింది. అవ్వ నేల మీద కూర్చోలేదు. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగిన మనిషి, మోకాళ్ళు మడతపడవు, మెడ పూర్తిగా తిరగదు. అందుకని రెండు బల్లలు కలిపి వేసి కుర్చీలో కూర్చోబెడతాం. అరచేత్తో బట్టను ఒకసారి తడిమి, ముడత లేదనుకున్నాకే సూది దించుతుంది. బియ్యపు గింజంత కుట్టు, మళ్ళీ బియ్యపు గింజంత ఖాళీ. మామూలు బొంతకు వేలెడు దూరంలో వరసలు వేస్తారు. అంత దగ్గరగా కుడితే బట్ట బిర్రుగా అవుతుంది కాబట్టి వీటికి రెండు వేళ్ళ దూరం ఇచ్చాం. దబ్బనం వాడలేదు, రంధ్రాలు పడతాయి. ముడి ఎక్కడా పైకి కనబడకూడదు. దారాన్ని పొరల మధ్యకు లాగి అక్కడే దాచేయాలి.

సూదుల లెక్క చాలా ముఖ్యం. కూర్చునేటప్పుడు మనిషికి రెండు సూదులు, ఎవరి రంగు దారం వాళ్ళకు. లేచేటప్పుడు లెక్క అప్పజెప్పాలి. ఒక రాత్రి ఒక సూది తగ్గింది. ఇంట్లో అన్నం వండుకోవాల్సినవాళ్ళు కూడా కదల్లేదు. మా ఆయన పాత స్పీకర్ విప్పి అందులో అయస్కాంతం తీసిచ్చారు. బొంతకు రెండు పక్కలా అంగుళం అంగుళం తిప్పాం. దొరకలేదు. చాపలు దులిపితే చాప అల్లికలో ఇరుక్కుని కనిపించింది. ఆ రోజు నుంచి లెక్క సరిపోయినా సరే, ప్రతి బొంతా అయస్కాంతం కింద నుంచి పోవాల్సిందే.

తలసీమియా, అంటే ఒంట్లో రక్తం సరిగ్గా తయారవని జబ్బు ఉన్న పిల్లలది ఇంకో లెక్క. వాళ్ళకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి, కొన్ని గంటలు కూర్చుని ఎక్కించుకుని, రాత్రికి ఇల్లు చేరతారు. పెద్ద బొంత మోసుకు తిరగలేరు. రక్తం ఎక్కుతుంటే చలేస్తుందని పిల్లలే చెప్పారు. వాళ్ళకు ఆరు చదరాలతో, ఒళ్ళో కప్పుకుని స్కూలు బ్యాగులో పెట్టుకునేంత బొంత చేస్తున్నాం.

కుట్టడం అయ్యాక వాసన లేని సబ్బుపొడితో వేడినీళ్ళలో ఉతికి, ఎండలో ఆరేసి, రెండు వైపులా ఇస్త్రీ చేసి జిప్ కవరులో పెడతాం. నల్గొండ ఎండను తిట్టుకోని మనిషి లేడు కానీ ఈ పనికి అంతకన్నా మంచి ఎండ ఎక్కడ దొరుకుతుంది? వానాకాలంలో మాత్రం మహా టెన్షన్. కొంచెం ముక్కిన వాసన వచ్చినా మళ్ళీ మొదటికే. కవరులో ఒక చీటీ కూడా పెడతాం: రక్తం మరకైతే చన్నీళ్ళతోనే ఉతకాలి, వేడినీళ్ళు పోస్తే మరక గట్టిపడుతుంది. కీమో ఇచ్చిన రెండు రోజుల లోపు వాంతి గానీ మూత్రం గానీ పడితే చేతులకు గ్లౌజులు వేసుకుని విడిగా ఉతకాలి. ఇవి సిస్టర్ చెప్పినవే. తల్లులకు ఇవి ఎవరో ఒకరు కాగితం మీద రాసివ్వాలి కదా.

ఇవ్వడం దగ్గరకొచ్చేసరికి కొత్త తలనొప్పులు. ఆ ఆసుపత్రి పేరు ఎందుకులెండి. మొదటి విడత బొంతలు తీసుకుపోతే ఆఫీసులో ఒకాయన బ్యానర్ ఏదమ్మా అని అడిగారు. పిల్లలను వరసగా నిలబెట్టి, ఎవరో పెద్దమనిషి చేతుల మీదుగా పంచితే పేపర్లో వస్తుందట. జుట్టు రాలిపోయి, మాస్కు పెట్టుకుని, నిలబడే ఓపిక లేని పిల్లలతో ఫొటోనా? మేం ఒప్పుకోలేదు. ఆయనా ఒప్పుకోలేదు. బొంతలు బీరువాలో పెట్టి తాళం వేశారు. పెద్దమనిషి డేటు దొరికేదాకా అవి అందులోనే ఉన్నాయి. ఆ తర్వాత పంచారు, కానీ స్టాక్ రిజిస్టర్‌లో రాసుకున్నారు. డిశ్చార్జి అయ్యే రోజు ఒక తల్లి దగ్గర బొంత వెనక్కి తీసుకున్నారు, ఆసుపత్రి సామాను అని. ఆమె మా వదినకు ఫోన్ చేసి ఏడ్చింది.

నేను గొడవకు వెళ్దామన్నాను. అవ్వ వద్దంది. "పోరని పేరు కుట్టుండ్రి. గప్పుడెట్ల తీసుకుంటరో చూద్దాం" అంది.

అంతే. అప్పటి నుంచి ప్రతి బొంతకూ కింది కుడి మూలన పిల్ల పేరు, ఊరు పేరు. చిన్నగా కాదు, మంచం అవతల నుంచి చదివేంత పెద్దగా. పేరు కుట్టిన వస్తువును ఏ రిజిస్టర్‌లో ఎక్కిస్తారు? ఇంకో పిల్లకు కప్పలేరు, పెద్దమనిషి కోసం ఆపలేరు. బీరువా గొడవ దాంతో పోయింది. ఇప్పుడు మేం ఆఫీసు వైపు వెళ్ళడమే లేదు. సిస్టర్ చేతికో, తల్లి చేతికో ఇచ్చి వచ్చేస్తాం. తీసుకున్న పిల్లల మొహాలు మేం చూడం. చూడాలని ఉంటుంది, అది వేరే విషయం.

పేరు కుట్టడంతో ఒక కష్టం కూడా వచ్చింది. బొంత పూర్తయ్యేలోపు పిల్ల పోతే ఆ బొంతను ఏం చెయ్యాలి? అలా జరిగింది. పేరు విప్పి ఇంకొకరిది కుడదామని ఒకరన్నారు. దారం విప్పినా సూది గుర్తులు పోవు, అయినా చేతులు రాలేదు ఎవరికీ. ఇంట్లోవాళ్ళకు పంపుదామంటే పోయినవాళ్ళ గుడ్డలు ఇంట్లో ఉంచుకోరు కొందరు. మేమై ఎవరినీ అడగడం లేదు. వాళ్ళంతట వాళ్ళు అడిగితే ఇస్తాం, అప్పటిదాకా కవరులో ఉంటుంది. ఒక తండ్రి మాత్రం చాలా రోజుల తర్వాత నల్గొండ బస్టాండ్‌కు వచ్చి తీసుకుపోయాడు. చాయ్ తాగమంటే తాగాడు. ఏం మాట్లాడాలో నాకు తెలియలేదు, బస్సు టైము అడిగాను.

జేసీబీ పిల్లవాడు ఇంకా చికిత్సలోనే ఉన్నాడు. బొంత ముట్టిందని ఫోన్ చేయించాడు. థాంక్స్ లాంటివేం లేవు. పక్క మంచం పిల్లవాడికి ట్రాక్టర్ కావాలట, పెద్ద టైరు వెనక ఉండాలని, చిన్నది ముందు ఉండాలని, "ఆంటీ వాళ్ళకు సరిగ్గ చెప్పు" అని వాళ్ళమ్మతో చెప్పించాడు.

ఇప్పుడు బల్ల మీదున్నది అచ్చంపేట వైపు పిల్లది. బర్రె కావాలంది, వాళ్ళింటి బర్రె. కొమ్ములు ఎటు తిరగాలో తేలలేదు. ముర్రా బర్రెకు కొమ్ములు చెవుల దగ్గర చుట్ట చుట్టుకుంటాయని అవ్వ, ఆ పిల్ల ఇంట్లోది నాటు బర్రె అయితే వెనక్కి చాచి ఉంటాయని చిట్యాల అక్క. నల్ల ముక్కలు కోసి పెట్టుకుని కూర్చున్నాం. బర్రె ఫొటో పంపమని వదినకు చెప్పాను, పాలు పిండే టైముకు పంపిస్తానంది.